చెవిలో హోరుకి మాగ్నెట్ ట్రీట్మెంట్: అపోహలు - వాస్తవాలు

నెలల తరబడి చెవిలో గుయ్యిమని మోగుతూ నిద్ర పట్టక, దొరికిన మందులన్నీ మింగేసి, చివరికి ఎవరో ఆర్‌టీఎంఎస్ (తల బయటినుంచే అయస్కాంతంతో మెదడుని మళ్లీ మళ్లీ తట్టే ట్రీట్మెంట్) అని చెప్తే పరిగెత్తుకొచ్చేవాళ్లే నా దగ్గరికి ఎక్కువ. కొందరు ఒక్క వారంలో మోత మాయమైపోతుందనుకుని వస్తారు, ఇంకొందరు తలకి కరెంటు పెడతారేమో అని కుర్చీలో కూర్చోడానికే జంకుతారు. ఈ మెషిన్ నడిపేది నేనే అయినా ముందే చెప్పేస్తున్నా, టిన్నిటస్‌కి, అంటే ఈ చెవిలో మోతకి, ఇది కొంతమందికే, కొంతవరకే పనిచేస్తుంది.

అపోహ: ఇది షాక్ ట్రీట్మెంట్‌కే ఇంకో పేరు

అస్సలు కాదు. షాక్ ట్రీట్మెంట్‌లో మత్తు ఇచ్చి మెదడులో కావాలనే ఫిట్స్ తెప్పిస్తారు. ఇందులో మత్తు లేదు, మెలకువగా కూర్చుని ఉంటారు, అయిపోగానే లేచి నడుచుకుంటూ వెళ్లిపోతారు. తలకి ఆనించి ఒక కాయిల్ (తీగ చుట్ట) పెడతాం, ఎక్కువగా ఎనిమిది అంకె ఆకారంలో ఉంటుంది, అందులోకి సెకనులో వెయ్యో వంతు కూడా ఉండనంత కొద్దిసేపు పెద్ద కరెంటు వదిలితే అయస్కాంత క్షేత్రం ఒక్కసారిగా పుట్టి పడిపోతుంది, ఆ మార్పు వల్ల పుర్రె కింద రెండు మూడు సెంటీమీటర్ల లోతు దాకా నరాల కణాల్లో చిన్న కరెంటు పుడుతుంది. సూత్రం శాస్త్రవేత్త ఫారడే 1831లో కనిపెట్టిందే. దాన్ని మనిషి మెదడు మీద వాడి చూపించింది మాత్రం 1985లో, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో ఆంథొనీ బార్కర్ టీమ్.

క్షేత్రం మారితేనే కరెంటు పుడుతుంది అన్నది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే ఆన్‌లైన్‌లో అమ్మే మాగ్నెట్ టోపీలు, చెవికి పెట్టుకునే అయస్కాంతం బిళ్లలు ఇందుకే దండగ. కదలకుండా ఒకేచోట ఉండే అయస్కాంతం మెదడులో ఏ కరెంటూ పుట్టించదు. వాటికీ దీనికీ పేరులో తప్ప సంబంధం లేదు.

అపోహ: మోత చెవిలో ఉంటే మెదడు మీద పెట్టడం ఏంటి?

న్యాయమైన డౌటే. చాలామందిలో కథ చెవిలోనే మొదలవుతుంది, వయసు వల్లో పెద్ద శబ్దాల వల్లో లోపలి చెవిలోని కణాలు దెబ్బతిని కొన్ని ఫ్రీక్వెన్సీలు మెదడుకి అందడం తగ్గుతుంది, అప్పుడు మెదడు ఆ లోటు పూడ్చుకోడానికి తన వాల్యూమ్ తనే పెంచుకుంటుంది, లేని శబ్దం వినబడటం అక్కడ మొదలవుతుంది అన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. వినికిడి నరం కోసేశాక కూడా మోత పోనివాళ్లు ఉన్నారు, ఒక్క చెవే కారణమైతే అలా జరగకూడదు కదా. అందుకే ఎక్కువ స్టడీల్లో కాయిల్ పెట్టేది ఎడమ కణత పైన, శబ్దాన్ని అర్థం చేసుకునే ఆడిటరీ కార్టెక్స్ ఉండే చోట. సెకనుకి ఒక్క పల్స్ (కాయిల్ ఒక్కసారి ఇచ్చే అయస్కాంత దెబ్బ) చొప్పున నెమ్మదిగా ఇస్తే అక్కడి హడావిడి తగ్గుతుందని ఆశ. సెకనుకి పది ఇస్తే మామూలుగా దానికి రివర్స్, కణాలు ఇంకా చురుగ్గా అవుతాయి. ఆశ అని ఎందుకన్నానంటే మనిషి మనిషికీ మెదడు స్పందించే తీరు చాలా తేడాగా ఉంటుంది.

ఎంత పవర్ ఇవ్వాలి అన్నది కూడా అందరికీ ఒకటి కాదు. మొదటి రోజు కాయిల్‌ని చేతిని కదిలించే భాగం మీద పెట్టి, కొంచెం కొంచెంగా జరుపుతూ, పవర్ పెంచుతూ తగ్గిస్తూ, బొటనవేలు వైపే చూస్తుంటాం. పదిసార్లు ఇస్తే కనీసం ఐదుసార్లు వేలు చిన్నగా ఉలిక్కిపడే లెవెల్ ఏదో అదే మీ థ్రెషోల్డ్, అసలు ట్రీట్మెంట్ పవర్ దాన్నిబట్టే లెక్కేస్తాం. తన ప్రమేయం లేకుండా తన వేలు కదలడం చూసి చాలామంది నవ్వేస్తారు, అక్కడితో సగం భయం పోతుంది. ఈ స్టెప్ లేకుండా డైరెక్టుగా మొదలుపెట్టేస్తుంటే ఎందుకని అడగండి.

అపోహ: పది సెషన్లు చేయించుకుంటే మోత పూర్తిగా ఆగిపోతుంది

అందరూ డబ్బు పెట్టేది ఈ మాట నమ్మే, అందుకే కాస్త వివరంగా చెప్తాను. అమెరికాలో మాజీ సైనికుల హాస్పిటల్‌లో చేసిన ఒక ట్రయల్ 2015లో వచ్చింది, 64 మంది, రోజుకి 2000 పల్స్‌లు, పది సెషన్లు. నిజం కాయిల్ పెట్టిన 32 మందిలో 18 మందికి చెప్పుకోదగ్గ ఉపశమనం కనిపిస్తే, ఉత్తుత్తి కాయిల్ (పోల్చి చూడటానికి పెట్టే, అసలు ట్రీట్మెంట్ ఇవ్వనిది) పెట్టిన 32 మందిలో 7 మందికే కనిపించింది. బాగుంది కదా, క్లినిక్‌ల ప్రకటనల్లో ఉండేది ఇదే. కానీ 2017లో జర్మనీలో చాలా సెంటర్లు కలిసి 163 మందితో దాదాపు ఇదే పద్ధతిలో చేస్తే నిజం కాయిల్‌కీ ఉత్తుత్తి దానికీ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఈ రెండో స్టడీ గురించి ఎవరూ పోస్టర్ వెయ్యరు మరి.

పైగా ఉపశమనం అంటే నిశ్శబ్దం కాదు. ఈ స్టడీల్లో కొలిచేది ప్రశ్నల లిస్టుతో, నిద్ర ఎలా ఉంది, మనసు పెట్టి పని చేయగలుగుతున్నారా, చిరాకు ఎంత అని, ఆ స్కోర్ కొన్ని పాయింట్లు తగ్గితే మెరుగైనట్టు లెక్క. "మోత ఉంది, కానీ దానివైపు ధ్యాస పోవట్లేదు" అనేవాళ్లు నాకు కనిపిస్తారు, "పూర్తిగా పోయింది" అనేవాళ్లు చాలా అరుదు. బాగుపడ్డవాళ్లలో కూడా కొన్ని వారాలకో నెలలకో మళ్లీ మొదటికి వచ్చేవాళ్లు ఉంటారు.

అపోహ: దీనికి ఎఫ్‌డీఏ అప్రూవల్ ఉంది

ఎఫ్‌డీఏ అంటే అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతి ఇచ్చే సంస్థ. డిప్రెషన్‌కి ఉంది, 2008 నుంచి. ఓసీడీకి (వద్దన్నా వదలని ఆలోచనలు, చేసిందే చేసే జబ్బు) 2018లో వచ్చింది. టిన్నిటస్‌కి లేదు. మెషిన్‌కి అప్రూవల్ ఉండటం వేరు, మీ జబ్బుకి ఉండటం వేరు, ఈ రెండూ కలిపేసి చెప్పేవాళ్లతో జాగ్రత్త. అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం 2014 గైడ్‌లైన్‌లో అయితే దీన్ని రొటీన్‌గా ఇవ్వొద్దనే రాశారు. అదే గైడ్‌లైన్ జింకో (ఒక చెట్టు ఆకు సారం) బిళ్లలు, మెలటోనిన్, జింక్ కూడా వద్దంది, అవి మింగుతూ దీన్ని అనుమానించేవాళ్లు అదీ చూసుకోవాలి.

అపోహ: సైడ్ ఎఫెక్టులే ఉండవు

ఎక్కువమందికి తలనొప్పి, కాయిల్ పెట్టినచోట నొప్పి, పల్స్ పడ్డప్పుడల్లా కన్నో దవడో అదరడం, అంతే. ఫిట్స్ చాలా అరుదు, కానీ వచ్చే అవకాశం ఉంది. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది మాత్రం శబ్దం. పల్స్ పడ్డ ప్రతిసారీ కాయిల్ టక్కుమంటుంది, పవర్‌ని బట్టి అది వంద డెసిబెల్స్ కూడా దాటొచ్చు, అది కూడా చెవి పక్కనే, సెషన్‌కి రెండువేల సార్లు. చెవి బాధతో వచ్చినవాళ్లకి ఇయర్‌ప్లగ్స్ పెట్టకుండా ఈ ట్రీట్మెంట్ చేస్తే అంతకన్నా అన్యాయం ఉండదు, ప్లగ్స్ ఇవ్వకపోతే అడిగి తీసుకోండి, సరిగ్గా లోపలికి వెళ్లాయో లేదో చూసుకోండి.

కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో పెట్టే వినికిడి పరికరం) ఉన్నవాళ్లకి, తలలో క్లిప్పులూ ఇనుప ముక్కలూ ఉన్నవాళ్లకి ఇది చెయ్యం. పేస్‌మేకర్ ఉన్నా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినా ముందే చెప్పాలి. ట్రమడాల్ (నొప్పి మందు), బుప్రోపియాన్ (డిప్రెషన్ మందు) లాంటివి వాడుతున్నా, ముందురోజు రాత్రి నిద్ర లేకపోయినా, మందు తాగినా దాచొద్దు, ఇవన్నీ ఫిట్స్ రిస్క్ పెంచేవే.

అపోహ: ముందు దీనితోనే మొదలుపెడితే త్వరగా తగ్గుతుంది

నా లెక్కలో ఇది చివర్లో ఆలోచించేది. ముందు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించుకోండి, వినికిడి తగ్గి ఉంటే హియరింగ్ ఎయిడ్ పెట్టగానే మోత వెనక్కి తగ్గేవాళ్లు ఉంటారు. బాధ తగ్గించడంలో గట్టి ఆధారాలు ఉన్నది సీబీటీ అనే కౌన్సెలింగ్‌కి, మందు బిళ్ల కాదు కాబట్టి ఎవరికీ నచ్చదు. మోత ఒక్క చెవిలోనే ఉంటే ఎమ్‌ఆర్‌ఐ గురించి అడగండి, గుండె కొట్టుకునే తాళానికి వినిపిస్తుంటే రక్తనాళాలు చూపించుకోవాలి. హఠాత్తుగా చెవి వినబడటం మానేసి మోత మొదలైతే మాత్రం ఆ రోజే ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి, స్టెరాయిడ్స్ పనిచేసే టైమ్ కొద్దిగానే ఉంటుంది, మా కుర్చీ ఎక్కడికీ పోదు.