కొన్న తర్వాత రౌటర్ బాధ్యత ఎవరిది?

ఇంటికి వచ్చినవాళ్లు వై-ఫై అడిగితే గెస్ట్ నెట్‌వర్క్ పాస్‌వర్డ్ ఇవ్వమని, కెమెరాలు, స్మార్ట్ టీవీ కూడా దాని మీదే పెట్టమని భద్రత తెలిసినవాళ్లు చెబుతుంటారు. సలహా మంచిదే. కాకపోతే గెస్ట్ నెట్‌వర్క్ కోసం విడిగా ఇంకో పరికరం ఏమీ ఉండదు. అదే రౌటర్, అదే ప్రాసెసర్, మామూలుగా అదే రేడియో రెండో పేరుతో సిగ్నల్ ఇస్తాయి. ఆ పేరుతో చేరిన ఫోన్ ఇంట్లోని కంప్యూటర్‌ను చేరకుండా ఆపేది లోపలి ఫర్మ్‌వేర్, అంటే రౌటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్. అందుకే రౌటర్ మాటిమాటికీ హ్యాంగ్ అవడం, గెస్ట్ భద్రత రెండూ వేర్వేరు సమస్యలు కావంటాను.

2002 చివర్లో లింక్‌సిస్ అనే కంపెనీ డబ్ల్యూఆర్‌టీ54జీ అనే రౌటర్‌ను తెచ్చింది. అందులో నడుస్తున్నది ఎవరైనా వాడుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ అని మరుసటి ఏడాది బయటపడింది. లినక్స్ లైసెన్సు ప్రకారం సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ అసలు రాత) ఇవ్వాల్సిందేనని డెవలపర్లు పట్టుబట్టారు. చివరికి కోడ్ బయటికొచ్చింది, దాని మీదే 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ మొదలైంది. ఆ మోడల్ ఐదో వెర్షన్ 2005లో వచ్చింది. పేరు అదే, లోపల మాత్రం లినక్స్ లేదు. మెమరీ 16 ఎంబీ నుంచి 8కి, ఫర్మ్‌వేర్ దాచే ఫ్లాష్ 4 ఎంబీ నుంచి 2కి తగ్గాయి. ఇంట్లో ఎవరు ఏ సైట్ తెరిచినా ఆ కనెక్షన్‌ను రౌటర్ తన పట్టికలో రాసుకోవాలి, అందుకు మెమరీ కావాలి. చోటు చాలకపోతే నెట్ నత్తనడక నడుస్తుంది, లేదా ఆగిపోతుంది. స్విచ్ ఆపి మళ్లీ వేస్తే పట్టిక ఖాళీ అవుతుంది కాబట్టి బాగైనట్టు కనిపిస్తుంది.

అసలు చిక్కు ఫర్మ్‌వేర్ తయారయ్యే తీరులో ఉంది. చిప్ కంపెనీ తన చిప్‌తో పాటు ఒక సాఫ్ట్‌వేర్ కట్ట ఇస్తుంది. రౌటర్ కంపెనీ దానికి తన మెనూలు తగిలిస్తుంది. ఇంటర్నెట్ కంపెనీ ఆ పెట్టెనే తన పేరుతో ఇంటికి పంపుతుంది. తప్పు దొరికితే దిద్దుబాటు ఇన్ని చేతులు దాటి రావాలి. రాకపోతే ఏమవుతుందో 2014 డిసెంబరులో చెక్ పాయింట్ అనే సైబర్ భద్రతా సంస్థ చూపించింది. రౌటర్ సెట్టింగుల పేజీని చూపే రామ్‌పేజర్ అనే చిన్న వెబ్ సర్వర్‌లో ఉన్న లోపం వల్ల కోటీ ఇరవై లక్షలకు పైగా పరికరాలను బయటి నుంచి చేజిక్కించుకోవచ్చని తేల్చింది. ఆ సర్వర్ రాసిన కంపెనీ ఆ లోపాన్ని 2005లోనే సరిదిద్దింది! తొమ్మిదేళ్లు గడిచినా మందు రోగికి చేరలేదు. ఈ మొత్తం చరిత్రలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే.

అదే 2014 ఫిబ్రవరిలో ఆసస్ రౌటర్లకు యూఎస్‌బీ డ్రైవ్ తగిలించుకున్న చాలామందికి అందులో ఒక కొత్త ఫైల్ కనిపించింది. మీ డ్రైవ్ ప్రపంచమంతటికీ తెరిచి ఉందన్న హెచ్చరిక అది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణలో ఇంకో సంగతి తేలింది. కొత్త ఫర్మ్‌వేర్ వచ్చినా, అప్‌డేట్ బటన్ నొక్కినవాళ్లకు మీది తాజా వెర్షనే అని రౌటర్ తరచూ చెప్పేది. జాగ్రత్తపడిన మనిషికి కూడా తప్పుడు భరోసా దొరికిందన్నమాట. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కంపెనీ ఇరవై ఏళ్లపాటు బయటివాళ్లతో భద్రతా తనిఖీలు చేయించుకోవాలి.

2016 నవంబరులో జర్మనీలో డాయిష్ టెలికాం ఖాతాదారులు సుమారు 9 లక్షల మందికి నెట్ పోయింది. రౌటర్లలోకి చొరబడాలని చూసింది నెట్‌కు తగిలించిన పరికరాలను వశం చేసుకునే మిరాయ్ రకం వైరస్. లోపలికి పోలేకపోయింది గానీ, ఆ తాకిడికే రౌటర్లు కుప్పకూలాయి.

గెస్ట్ నెట్‌వర్క్ కూడా ఇలాంటి పునాది మీదే నిలబడింది. మొదట్లో కొన్ని రౌటర్లు దాన్ని ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని ఇతరులకు అర్థంకాకుండా మార్చడం) లేకుండా వదిలేసి, పాస్‌వర్డ్‌ను ఒక వెబ్ పేజీలో అడిగేవి. పక్కన ఉన్న ఎవరైనా ఆ గాలిలోని మాటలు వినొచ్చు. తర్వాత డబ్ల్యూపీఏ2 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి వచ్చి చేరింది, కానీ గెస్ట్ వైపుకూ ఇంటి వైపుకూ మధ్య ఉండాల్సిన లోపలి గోడ సంగతి తేలలేదు. ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో రకరకాల ధరల రౌటర్లను పరీక్షిస్తే, గెస్ట్ వైపు నుంచి ఇంటి వైపుకు ఏదో ఒక సందు లేని రౌటర్ ఒక్కటీ కనిపించలేదు. రెండు వైపులకూ ప్రాసెసర్ ఒకటే కావడంతో, ఒక వైపు పని పెంచి రెండో వైపు ఆలస్యాన్ని కొలిచినా సమాచారం దాటించవచ్చని చూపించారు. అలా దాటేది తక్కువే. మామూలు ఇళ్లకు అంతకన్నా దగ్గరి ప్రమాదం ఇంకొకటి ఉంది. రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (అంటే ఇంకో రౌటర్‌కు తగిలించి వై-ఫై మాత్రమే ఇచ్చేలా) పెడితే చాలా మోడళ్లలో గెస్ట్ నెట్‌వర్క్ మాయమవుతుంది, లేదా పేరు మిగిలి అడ్డుగోడ పోతుంది. మెనూలో ఆ ముక్క చెప్పే కంపెనీలు తక్కువ.

2020లో జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ 127 ఇంటి రౌటర్లను పరిశీలించింది. లోపం లేనిది ఒక్కటీ దొరకలేదు, 46 రౌటర్లకు ఏడాదిగా భద్రతా అప్‌డేట్ రాలేదు. చట్టాలు మెల్లగా కదిలాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి అన్ని పెట్టెలకూ ఫ్యాక్టరీలోనే ఒకే డిఫాల్ట్ పాస్‌వర్డ్ పెట్టడం నిషేధం. అప్‌డేట్లు ఎప్పటిదాకా ఇస్తారో కంపెనీ ముందే చెప్పాలి, ఎంతకాలం ఇవ్వాలన్నది మాత్రం దాని ఇష్టం. యూరోపియన్ యూనియన్ చట్టం ఇంకాస్త ముందుకెళ్లి, సాధారణంగా కనీసం ఐదేళ్లు ఇవ్వాలంటోంది. దాని ముఖ్య నిబంధనలు 2027 డిసెంబరులో అమల్లోకి వస్తాయి. అప్పటికే ఇళ్లలో నడుస్తున్న పాత రౌటర్లకు మాత్రం ఆ ఐదేళ్ల హామీ లేదు.