రేడియేషన్ తర్వాత మానని దవడ: అపోహలు - వాస్తవాలు

నోటి క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్న కొన్నేళ్లకు ఒక పన్ను పీకించుకుంటారు. ఆ గుంట మానదు. చిగురు చీలి ఎముక బయటపడుతుంది, నాలుకకు గరుకుగా తగులుతుంది, దవడ కింద చీము కారుతుంది. దీన్ని ఆస్టియోరేడియోనెక్రోసిస్ అంటాం. రేడియేషన్ వల్ల ఎముక చచ్చుబడటమన్నమాట.

అపోహ: క్యాన్సర్ తిరగబెట్టింది.
ప్రతిసారీ కాదు. అయితే కంటితో చూసి తేల్చలేం. చిన్న ముక్క తీసి పరీక్షించాలి, అంటే బయాప్సీ చేయాల్సిందే.

అపోహ: రేడియేషన్ అయి ఐదేళ్లు దాటింది, ఏ పన్నయినా పీకించుకోవచ్చు.
ఈ మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. ముఖ్యంగా 60 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత) దాటిన డోసు పడిన కింది దవడలో సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. ఏళ్లు గడిచినంత మాత్రాన అవి తెరుచుకోవు. పాడైన పళ్లను రేడియేషన్ మొదలయ్యే రెండు వారాల ముందే తీయించుకోవాలి. ఆ తర్వాత ఎప్పుడు డెంటిస్టు దగ్గరికి వెళ్లినా మొదట చెప్పాల్సింది రేడియేషన్ సంగతే.

అపోహ: ఎక్కువ ఒత్తిడితో ఆక్సిజన్ ఇచ్చే గదిలో కూర్చుంటే ఎముక బతుకుతుంది.
ఈ చికిత్సపై ఫ్రాన్స్‌లో రోగులతో చేసిన అధ్యయన ఫలితాలు 2004లో వెలువడ్డాయి. అందులో ఆ చికిత్సకు ప్రయోజనం కనిపించలేదు. తొలిదశలో శుభ్రత, యాంటీబయాటిక్స్, కొందరిలో పెంటాక్సిఫిలిన్ (రక్తప్రసరణను మెరుగుపరిచే మందు)తో విటమిన్ ఇ వాడి చూస్తాం.

అపోహ: దవడ విరిగితే ప్లేటు వేస్తే సరిపోతుంది.
చచ్చిన ఎముకలో స్క్రూ నిలవదు. రక్తం చిమ్మే ఎముక కనిపించేదాకా చెక్కి తీసేస్తాం. ఖాళీ అయిన చోట మోకాలి కింద బయటివైపున్న సన్నని ఎముకను (ఫిబ్యులా) దాని కండ, రక్తనాళాలతో సహా తెచ్చి, దవడ వంపుకు తగ్గట్టు కోసి అమరుస్తాం. రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మెడలోని నాళాలకు మైక్రోస్కోపు కింద, వెంట్రుక కన్నా సన్నని దారంతో కుడతాం. రేడియేషన్ తిన్న మెడలో మంచి నాళం దొరకడమే ఒక్కోసారి అసలు కష్టం. రక్తం ఆపడానికి నాళాలకు పెట్టిన క్లిప్పు తీయగానే పాలిపోయిన కండ గులాబీ రంగుకు తిరుగుతుంది. ఎన్నిసార్లు చూసినా ఆ క్షణంలో నా ఊపిరి ఆగుతుంది.

అపోహ: కాలి ఎముక తీస్తే నడవలేరు.
ఒంటి బరువు మోసేది ప్రధానంగా పక్కనున్న లావు ఎముక, టిబియా. ఫిబ్యులాలో మోకాలి వైపు, చీలమండ వైపు ఆరేడు సెంటీమీటర్లు వదిలేస్తాం. కొందరికి చీలమండ బిగుసుకోవడం, బొటనవేలు బలహీనపడటం ఉంటాయి. వ్యాయామం తప్పదు.

ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు రోజులు నర్సు గంటకోసారి వచ్చి అమర్చిన కండ రంగు చూస్తుంది. నిద్ర పాడవుతోందని బంధువులు ఆమెను ఆపకండి. నాళంలో రక్తం గడ్డ కట్టిందని కొన్ని గంటల్లోనే పసిగట్టి మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్తేనే ఆ ఎముక దక్కుతుంది.