పాత గిటార్ ఎఫెక్ట్ పెడళ్లు: అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో నా మరమ్మతు బల్ల మీదికి వచ్చే పాత ఎఫెక్ట్ పెడళ్లలో (గిటార్ శబ్దాన్ని మార్చేందుకు కాలితో నొక్కే పెట్టెలు) చాలావరకు చర్చి సంగీత బృందాలవి, పెళ్లి ఆర్కెస్ట్రాలవి, లేదా కాజీపేట రైల్వే క్వార్టర్లలో ఏళ్ల తరబడి అటకెక్కి ఉన్నవి. వాటి గురించి ప్రచారంలో ఉన్న కొన్ని నమ్మకాలు వయసు కంటే ఎక్కువగా వాటిని పాడుచేస్తున్నాయి.

అపోహ: వేసవిలో ఫజ్ పెడల్ (స్వరాన్ని గరగరలాడించేది) శబ్దం మారితే ట్రాన్సిస్టర్లు పోయినట్టే.

వాస్తవం: 1966లో ఇంగ్లండులో ఆర్బిటర్ సంస్థ విడుదల చేసిన ఫజ్ ఫేస్ వంటి తొలితరం పెడళ్లలో జర్మేనియం ట్రాన్సిస్టర్లు ఉంటాయి. జర్మేనియంలో లీకేజీ కరెంటు, అంటే అక్కర లేకుండా కారిపోయే కరెంటు, సిలికాన్‌లో కంటే చాలా ఎక్కువ. పైగా ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగినప్పుడల్లా అది దాదాపు రెట్టింపవుతుంది. జనవరి ఉదయం 20 డిగ్రీల వద్ద నిండుగా పలికిన పెడల్‌ను మే నెలలో, వరంగల్ ఎండ 40 దాటిన మధ్యాహ్నం రేకుల షెడ్డు కింద వాయిస్తే, లీకేజీ నాలుగింతలై, రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ (దాని మూడు కాళ్లలో ఒకటి) వద్ద ఉండవలసిన సుమారు 4.5 వోల్టులు తప్పిపోయి, స్వరం మధ్యలోనే తెగిపోతుంది. ఇది లోపం కాదు, ఆ పదార్థపు స్వభావం. ఇలాంటి పెడల్‌కు సిలికాన్ ట్రాన్సిస్టర్లు వేయించుకుంటే వేడి బాధ తగ్గుతుంది గాని, గిటార్ వాల్యూమ్ తగ్గించినప్పుడు వినిపించే ఆ తేటదనం మునుపటిలా ఉండదు. చల్లని గదిలో గంటసేపు ఉంచి, మళ్లీ వోల్టేజీ కొలిచాకే ఏ నిర్ణయమైనా తీసుకోవాలి. అప్పటికీ సరిపడకపోతే కలెక్టర్ రెసిస్టర్ స్థానంలో ట్రిమ్మర్ (తిప్పి విలువ మార్చగల చిన్న రెసిస్టర్) పెట్టి సర్దుతాను. తీసిన అసలు రెసిస్టర్‌ను కవరులో వేసి యజమానికే ఇస్తాను.

ఈ జాతి పెడళ్లలో చాలావాటికి బ్యాటరీ ప్లస్ వైపే గ్రౌండ్ అవుతుంది. వాటిని మిగతా పెడళ్లతో కలిపి ఒకే అడాప్టర్‌కు తగిలిస్తే సరఫరా షార్ట్ అవుతుంది కనుక, వేరే అడాప్టర్ గాని బ్యాటరీ గాని వాడాలి.

అపోహ: పాతది కాబట్టి కెపాసిటర్లన్నీ మార్చాలి.

వాస్తవం: ఎండిపోయేవి లోపల ద్రవం ఉండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. ఫిల్మ్ కెపాసిటర్లు సాధారణంగా దశాబ్దాలు నిలుస్తాయి. వాటిని కారణం లేకుండా పీకితే పాత బోర్డు మీది రాగి పట్టీలు లేచిపోతాయి, ఆ నష్టం పూడ్చడం కష్టం. నిజానికి మూగబోయిన పెడళ్లలో ఎక్కువ భాగం తుప్పు పట్టిన బ్యాటరీ క్లిప్, వదులైన జాక్, అరిగిన ఫుట్ స్విచ్ సరిచేస్తే పలుకుతాయి.

అపోహ: ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ మహిమంతా 4558 చిప్‌లోనే ఉంది.

వాస్తవం: ఆ చిప్ మన ఊళ్లలో ఆంప్లిఫయర్ల బాస్-ట్రెబుల్ బోర్డుల మీద కూడా కనిపించే మామూలు ఆప్ ఆంప్ (సిగ్నల్‌ను పెంచే చిప్). ఆ స్వరానికి అసలు కారణం ఫీడ్‌బ్యాక్ దారిలో (చిప్ అవుట్‌పుట్ నుంచి తిరిగి ఇన్‌పుట్‌కు వెళ్లే దారి) ఉన్న డయోడ్లు, సుమారు 720 హెర్ట్జ్ కింది భాగాన్ని తక్కువగా పెంచే ఏర్పాటు. పని చేస్తున్న చిప్‌ను, పాత పేరు ముద్రించి ఉన్న చిప్ కోసం మార్చడం డబ్బు దండగ.

అపోహ: స్వరానికి ఊపు తెచ్చే యూనివైబ్ అనే ఎఫెక్ట్ యూనిట్‌లో మిణుకుమనే బల్బు పాతబడింది, ఎల్‌ఈడీ వేస్తే మేలు.

వాస్తవం: 1960ల చివర జపాన్‌లో రూపొందిన ఆ యూనిట్‌లో బల్బు చుట్టూ నాలుగు ఫోటోసెల్‌లు (వెలుతురును బట్టి రెసిస్టెన్స్ మారే భాగాలు) ఉంటాయి. ఫిలమెంట్ నెమ్మదిగా వేడెక్కి, నెమ్మదిగా చల్లారడం వల్లనే ఆ అసమానమైన ఊపు పుడుతుంది. తక్షణమే వెలిగి ఆరే ఎల్‌ఈడీకి ఆ నడక రాదు, అందుకే నేను దానిని వేయడానికి ఒప్పుకోను.

అపోహ: అమెరికా టేప్ ఎకోకు (టేప్ మీద రికార్డు చేసి ప్రతిధ్వని పుట్టించే యంత్రం) స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే చాలు.

వాస్తవం: ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది గాని, ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్‌కు చేసిన ఏసీ మోటారు మన 50 హెర్ట్జ్ మీద దాదాపు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతుంది, ప్రతిధ్వని అందుకు తగ్గట్టు ఆలస్యమవుతుంది. తెచ్చిన వారికి ముందు ఈ సంగతి చెప్పి, మోటారు వేడిని కొంతసేపు గమనించిన తర్వాతే టేప్‌ను చదివే, రాసే హెడ్‌ల శుభ్రతకు, టేప్ మార్చడానికి పూనుకుంటాను.