వంకర బంతి, నిఖార్సైన గురి

చిరంజీవులు బుజ్జికి, చిన్నాకి తాతయ్య ఆశీస్సులు.

"గడ్డి మీద బంతులు దొర్లించడానికి కూడా ఇంటర్నేషనల్ ప్లేయర్లా!" అని చిన్నా ఫోన్లో ఒకటే నవ్వు. ఉంటారురా నాయనా. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ గేమ్స్ అనగానే మన హైదరాబాద్‌లో అందరికీ సింధు, నిఖత్ జరీన్ గెలిచిన స్వర్ణాలే గుర్తొస్తాయి. వాళ్లకంటే ముందే, ఆగస్టు 2న, మన ఆడవాళ్లు నలుగురు లాన్ బౌల్స్‌లో స్వర్ణం కొట్టారు.

ఆట చూడ్డానికి తేలికే. చిన్న చాప మీద నిలబడి ముందు 'జాక్' అనే బుల్లి బంతిని దొర్లిస్తారు. అది కనీసం 23 మీటర్ల దూరం పోవాలి. ఆ తర్వాత ఇరు జట్లూ కిలోన్నర దాకా బరువుండే పెద్ద బంతుల్ని వంతులవారీగా దాని దగ్గరికి చేర్చాలి. ప్రత్యర్థి బంతుల్లో జాక్‌కి అన్నిటికన్నా దగ్గరున్నదాని కంటే మనవి ఎన్ని దగ్గరుంటే అన్ని పాయింట్లు. గోళీలాడిన చేతికి ఇదేం లెక్క అనుకుంటారు.

మెలికంతా పెద్ద బంతిలోనే ఉంది. అది పూర్తి గుండ్రం కాదు, ఒక పక్క చెక్కడంలో కొంచెం తేడా ఉంటుంది. చేతిలోంచి వదిలినప్పుడు బుద్ధిగా తిన్నగానే పోతుంది. వేగం తగ్గేకొద్దీ ఒక పక్కకు ఒరుగుతూ, ఆగబోయే ముందు బాగా వంపు తిరుగుతుంది. అందుకని జాక్‌కి సూటిగా గురిపెడితే పనికాదు, ఎక్కడో పక్కకి వేయాలి. బంతికి రెండు పక్కలా గుర్తులుంటాయి. చిన్న గుర్తు ఎటు ఉంటే బంతి అటు తిరుగుతుంది. టెన్షన్‌లో అటుదిటు పట్టుకున్నారో, బంతి జాక్‌కి దూరంగా ఎటో పోతుంది, పరువూ దాంతోపాటే!

దేశదేశాలు తిరిగి ఆడేవాళ్లకి అసలు పరీక్ష గడ్డి. బంతి దాదాపు 27 మీటర్లు దొర్లి ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి మైదానం వేగం చెబుతారు. ఎక్కువ సెకన్లు పడితే అది వేగమైన మైదానం! తిరకాసుగా ఉంది కదూ? గడ్డి నున్నగా ఉంటే మెల్లగా వదిలినా చాలు, బంతి తాపీగా అంత దూరమూ పోతుంది. ఇంగ్లండ్ మైదానాలు నెమ్మది, న్యూజిలాండ్‌వి జారుడు. విమానం దిగగానే చేతికి అలవాటైన బలమంతా మార్చుకోవాలి. నాకైతే ఫిట్‌నెస్ కంటే ఇదే కష్టమనిపిస్తుంది.

ఇక ఆ నలుగురి సంగతి. లవ్లీ చౌబే మొదట పరుగుపందేల్లో ఉండేది, నయన్‌మోని సైకియా బరువులెత్తేది, రూపా రాణి తిర్కీ కబడ్డీ ఆడేది, పింకీది క్రికెట్. లవ్లీకి, నయన్‌మోనికి గాయాలై పాత ఆట ఆగిపోయింది. స్వర్ణం గెలిచేనాటికి ఒకరు జార్ఖండ్‌లో పోలీస్ కానిస్టేబుల్, ఒకరు అస్సాం అటవీశాఖ ఉద్యోగి, ఒకరు ఢిల్లీలో పీఈటీ, ఒకరు జిల్లా క్రీడాధికారి. మనదేశంలో ఈ ఆట ఒక్కటే నమ్ముకుంటే ఇల్లు గడవదు, ఉద్యోగం ఉండాల్సిందే. బుజ్జీ, మోకాలి నొప్పితో పరుగు ఆపేశావని మీ అమ్మ చెప్పింది కాబట్టి ఇంత విడమరిచి రాస్తున్నాను.

వాళ్లు గెలిచింది జట్టుకి నలుగురేసి ఆడే 'ఫోర్స్' పోటీ. అందులో మనిషికి రెండే బంతులు. 'లీడ్' అనే ఆమె ముందు వేస్తుంది, 'స్కిప్' అంటే కెప్టెన్, అవతలి చివర నిలబడి ఎటు వేయాలో చేతులతో సైగ చేసి, తన వంతు ఆఖర్న వేస్తుంది. సెమీస్‌లో న్యూజిలాండ్‌ని 16-13తో ఓడించారు. ఫైనల్లో దక్షిణాఫ్రికా వెనకపడి కూడా పుంజుకుంది, అయినా మనవాళ్లు 17-10తో ముగించారు. ఆ ఏడాది అర్జున అవార్డుల జాబితాలో నిఖత్‌తో పాటు నయన్‌మోని పేరూ ఉంది.

వయసు మాటకొస్తే, ఇంగ్లండ్ ఆటగాడు డేవిడ్ బ్రయంట్ 1966లో మొదటి ప్రపంచ సింగిల్స్ టైటిల్ గెలిచి, మళ్లీ 1988లో 56 ఏళ్లప్పుడు కూడా గెలిచాడు. అదే బర్మింగ్‌హామ్‌లో చూపు సరిగా లేని క్రీడాకారిణికి దారి చూపే సహాయకుడిగా పారా బౌల్స్‌లో స్వర్ణం అందుకున్న స్కాట్లండ్ ఆయన జార్జ్ మిల్లర్‌కి 75 ఏళ్లు. ఈ ముక్క మీ నానమ్మకి చదివి వినిపించండి, నన్ను ఊరికే కూర్చోబెట్టకుండా ఉంటుంది.

ఆదివారం వస్తే ఆ ఫైనల్ వీడియో పెడతాను. బంతి వదలగానే అది ఎటు తిరుగుతుందో చిన్నా ముందే చెప్పాలి. తప్పు చెబితే మిర్చిబజ్జీలు వాడి పాకెట్‌మనీలోంచే.

మీ తాతయ్య