అయిదు సీసాల్లో మూడు నల్లబడితే

"మా ఎనిమిదో తరగతి పిల్లలు బడి బోరు నీళ్ళు అయిదు సీసాల్లో పట్టి పరీక్ష పెట్టారు. మూడు నల్లబడ్డాయి, రెండు అలాగే ఉన్నాయి. దేన్ని నమ్మాలి? మళ్ళీ చేయించమంటారా?" అని ఒక జిల్లా పరిషత్ బడి సైన్సు టీచరమ్మ అడిగారు. ఆ అయిదు సీసాల్లో ఒక్కటీ అబద్ధం చెప్పలేదమ్మా. నల్లబడని ఆ రెండిటినీ పారెయ్యకండి. అసలు లెక్కంతా వాటిలోనే ఉంది.

ఇది హెచ్‌టుఎస్ పరీక్ష. నీళ్ళలో మలం కలిసిన జాడ ఉందో లేదో, హైడ్రోజన్ సల్ఫైడ్ (హెచ్‌టుఎస్) అనే వాయువు ద్వారా చెబుతుంది. 1982లో గ్వాలియర్ రక్షణ పరిశోధన సంస్థకు చెందిన మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో ప్రకటించారు. ప్రయోగశాల, కరెంటు, సూక్ష్మదర్శిని ఏవీ అక్కర్లేదు. మందు పీల్చుకున్న కాగితం ముక్క ఉన్న శుభ్రమైన సీసాలో 20 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మూత బిగించి, ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉంచితే చాలు. మన ఎండలకు బల్లమీద పెట్టినా సరిపోతుంది. ఆదిలాబాద్ చలికాలంలో మాత్రం కాస్త వెచ్చటి చోటు వెతకాలి.

ఆ కాగితంలోని మందు చూస్తే నాకు ముచ్చటేస్తుంది. పెప్టోన్ బాక్టీరియాకి తిండి. కాస్త డిటర్జెంటు, పేగుల్లో బతకడం అలవాటు లేని చాలా జాతుల్ని అణచేస్తుంది. పేగుల్లో బతికేవాటికి పైత్యరసం అలవాటే కాబట్టి సబ్బుకి అవి జంకవు. సోడియం థయోసల్ఫేట్‌లోని గంధకాన్ని కొన్ని బాక్టీరియాలు హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తాయి. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్‌లోని ఇనుము ఆ వాయువుతో కలిసి ఫెర్రస్ సల్ఫైడ్ అవుతుంది. ఆ నలుపు అదే. గుడ్డు మరీ ఎక్కువసేపు ఉడికితే పచ్చసొన చుట్టూ కట్టే బూడిదరంగు వలయం కూడా ఈ పదార్థమే. ఇంకో సొగసు: కుళాయి నీళ్ళలో మిగిలిన క్లోరిన్ సీసాలోకి వచ్చి బాక్టీరియాని చంపి ఫలితాన్ని తారుమారు చేయకుండా, ఆ థయోసల్ఫేటే దాన్ని విరిచేస్తుంది.

అన్నట్టు, పేగుల్లో ఉండే పేరుమోసిన బాక్టీరియా ఇ.కోలై మామూలుగా ఈ వాయువుని పుట్టించదు. మలంలో దానితోపాటు ఉండే సిట్రోబాక్టర్, సాల్మొనెల్లా, ప్రోటియస్ లాంటివి పుట్టిస్తాయి. ఈ పరీక్ష పట్టేది వాటినే.

ఇక లెక్క. నీళ్ళలో బాక్టీరియా ఉప్పులా కరిగి ఉండదు, విడివిడి గింజల్లా తేలుతుంటుంది. 100 మిల్లీలీటర్లలో సగటున 5 ఉన్నాయనుకోండి. 20 మిల్లీలీటర్లకు సగటున ఒకటి వస్తుంది. సగటున ఒకటంటే ప్రతి సీసాలోనూ ఒకటి పడిందని కాదు. ఒక దాంట్లో రెండు పడొచ్చు, ఒక దాంట్లో అసలు పడకపోవచ్చు. ఇలా యాదృచ్ఛికంగా పడేవాటిని లెక్కగట్టే పాయిజాన్ విభాజనం అనే సూత్రం ప్రకారం ఒక సీసా ఖాళీగా మిగిలే అవకాశం 0.37. అంటే మురికి నీళ్ళే పట్టినా, మూడో వంతుకు పైగా సీసాలు నల్లబడకుండా "అంతా బాగానే ఉంది" అంటాయి. ఒక్క సీసాతో పరీక్ష చేసి నీళ్ళు మంచివని రాసెయ్యడం ఎంత ప్రమాదమో చూడండి.

ఇదే లెక్కని వెనక్కి తిప్పితే ఖాళీ సీసాల నుంచి బాక్టీరియా సంఖ్య వస్తుంది. అయిదింట్లో రెండు ఖాళీ, అంటే 0.4. దాని సహజ సంవర్గమానం (కాలిక్యులేటర్లో ln) తీసి రుణ గుర్తు తీసేస్తే 0.92. అది 20 మిల్లీలీటర్లకు. 100 మిల్లీలీటర్లకు 4.6. మెక్రేడీ అనే శాస్త్రవేత్త 1915లో చూపిన దారి ఇది. ప్రయోగశాలల పట్టికల్లోనూ మూడు సీసాలకు ఎదురుగా 4.6 అనే ఉంటుంది.

అయితే అయిదు సీసాలు చాలా తక్కువ. అసలు సంఖ్య 4.6 అయితే, సరిగ్గా మూడు నల్లబడే అవకాశం నూటికి 35. అసలు సంఖ్య 2 అయినా అలా జరిగే అవకాశం 16 ఉంది, 10 అయినా 12 ఉంది. అదే నలభైమంది పిల్లలు తలో సీసా పడితే, 24 నల్లబడ్డాయంటే 2కీ 10కీ దాదాపు చోటే ఉండదు. కిక్కిరిసిన తరగతి గది పనికొచ్చే సందర్భాలు అరుదు. ఇది వాటిలో ఒకటి.

మన బడుల్లో చిక్కొకటుంది. ప్రయోగం చేయకముందే రికార్డులో జవాబు రాసి ఉంటుంది, దానికి కుదరని ఫలితం తప్పు కింద జమ. ఇక్కడ పక్క బెంచీ సీసాతో తన సీసా కుదరకపోవడమే సమాచారం. పిల్లవాడు పక్కవాడి రంగు చూసి దిద్దుకుంటే లెక్క చెడిపోతుంది.

తేటగా, తియ్యగా ఉంటే మంచినీళ్ళేనని, పారే నీటికి దోషం లేదని పెద్దలంటారు. పైన ఊరి మురుగు కలుస్తుంటే పారినా దోషమే. నల్గొండ ఫ్లోరైడు నీళ్ళు చూడ్డానికి తేటగానే ఉంటాయి, ఈ సీసాకి కూడా దొరకవు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో తేల్చడానికి వేరే కిట్టు కావాలి. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చే బోర్లలో సల్ఫైడు ముందే ఉంటుంది కాబట్టి మలం కలవకపోయినా సీసా నల్లబడొచ్చు. అక్కడ ప్రయోగశాలకే పంపాలి.

టీచరమ్మ అడిగిన నీళ్ళ సంగతి: తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఇ.కోలై ఒక్కటీ కనపడకూడదు. మీ అయిదు సీసాలు కలిపితే సరిగ్గా అన్ని మిల్లీలీటర్లే. వాటిలో ఇ.కోలై ఉందని ఈ పరీక్ష నేరుగా చెప్పదు, కానీ మూడు నల్లబడ్డాయంటే మలం కలిసిందని అనుమానించాల్సిందే. ప్రయోగశాల మాట వచ్చేదాకా కాచి తాగించండి. ఈలోగా బోరు దగ్గర పది సీసాలు, ట్యాంకు దగ్గర పది, కుళాయి దగ్గర పది, తరగతిలోని కుండ దగ్గర పది పెట్టించండి. నల్ల సీసాల సంఖ్య ఎక్కడ ఒక్కసారిగా పెరిగిందో, మురికి అక్కడ చేరుతోందని. బోరు దగ్గర ఒకటి, కుండ దగ్గర తొమ్మిది వస్తే బోరుని తవ్వి లాభం లేదు, చెయ్యి కూడా మునిగేలా కుండలో ముంచే గ్లాసుని మార్చాలి.

నల్లబడ్డ సీసా మూత పిల్లల చేత విప్పించకండి, లోపల ఇప్పుడు బాక్టీరియా కోట్లలో ఉంటాయి. గాలాడే చోట బ్లీచింగ్ ద్రావణం పోసి, కొన్ని గంటలు ఉంచి, బోరుకి దూరంగా మీరే పారబొయ్యండి.