రోగి దగ్గరికి వెళ్లడమే ప్రార్థనకు మొదలు: యూదుల ‘బికూర్ ఖోలీమ్’ నేపథ్యం

రోగిని ఫోన్‌లో పలకరిస్తే సరిపోతుందా, స్వయంగా వెళ్లి తీరాలా అన్న ప్రశ్న ఇరవయ్యో శతాబ్దంలో యూదు ధర్మశాస్త్ర పండితుల ముందుకు వచ్చింది. వెళ్లలేనివారు ఫోన్ చేసినా కొంత విధి నెరవేరినట్టేనని, వెళ్లగలిగినవారి బాధ్యత మాత్రం దానితో తీరదని న్యూయార్క్‌లో స్థిరపడిన రబ్బీ (యూదు మతగురువు) మోషే ఫైన్‌స్టీన్ (1895–1986) తీర్పు చెప్పారు. ఈ తీర్పు మూలాలు చాలా పాతవి.

రోగిని చూడబోవడాన్ని యూదులు ‘బికూర్ ఖోలీమ్’ అంటారు. సున్నతి తర్వాత కోలుకుంటున్న అబ్రాహామును దేవుడే పలకరించడానికి వచ్చాడని, మనుషులూ ఆ నడవడినే అనుసరించాలని యూదుల ప్రాచీన ధర్మచర్చల సంపుటి అయిన తాల్ముద్ పండితులు బోధించారు. ప్రాచీన పండితుడు రబ్బీ అకీవా శిష్యుడొకడు మంచాన పడితే తోటి పండితులెవరూ తొంగి చూడలేదట. గురువే వెళ్లాడు, ఆయన రాకతో ఆ ఇంట్లో నేల ఊడ్చి నీళ్లు చల్లారు, శిష్యుడు తేరుకున్నాడు. రోగిని చూడబోనివాడు రక్తం చిందించినవాడితో సమానమని అకీవా బోధించింది ఆ తర్వాతే.

తాల్ముద్‌లోనే ఉన్న మరో నియమం నాకు అన్నిటికన్నా లోతైనదిగా తోస్తుంది. పగటి మొదటి మూడు గంటల్లో రోగి కాస్త తేలికగా కనిపిస్తాడు కనుక చూడవచ్చినవారు ప్రార్థన అవసరం లేదనుకుంటారు. చివరి మూడు గంటల్లో నీరసించి కనిపిస్తాడు కనుక ఆశ వదులుకుంటారు. అందువల్ల ఆ రెండు వేళల్లో వెళ్లకూడదు. ప్రార్థన కళ్లారా చూసినదాని నుంచి పుట్టాలన్న భావన ఇందులో ఉంది. పదమూడో శతాబ్దంలో యూదు పండితుడు నహ్మనిదీస్ రోగి అవసరాలు తీర్చడాన్ని, అతని కోసం వేడుకోవడాన్ని కలిపే చెప్పారు. పదహారో శతాబ్దంలో పోలెండ్ పండితుడు మోషే ఇస్సెర్లిస్, ప్రార్థించకుండా తిరిగివస్తే విధి నెరవేరనట్టేనని రాశారు.

ప్రార్థనకు పెద్ద మాటలేవీ అక్కర్లేదు. కుష్ఠు సోకిన అక్క మిర్యాము కోసం బైబిల్ ప్రవక్త మోషే చేసిన మొర (సంఖ్యాకాండం 12:13) హీబ్రూలో ఐదు మాటలే. సినగాగుల్లో (యూదుల ప్రార్థనా మందిరాల్లో) పవిత్ర గ్రంథం తోరా పఠన సమయంలో చేసే ‘మీ షెబేరఖ్’ ప్రార్థనలో రోగిని సాధారణంగా తల్లి పేరుతో కలిపి తలచుకుంటారు. దేహానికే కాక ఆత్మకూ స్వస్థత కోరతారు.

సేవాభాగం కాలక్రమంలో సంఘాల చేతికి వచ్చింది. యూరప్ యూదు పట్టణాల్లో బికూర్ ఖోలీమ్ సంఘాలు పేద రోగుల బాగోగులు చూసేవి. జెరూసలేంలో ఊరి లూపోలియాన్‌స్కీ అనే వ్యక్తి 1976లో స్థాపించిన ‘యాద్ సారా’ సంస్థ, ఇరుగుపొరుగుకు ఆవిరి పట్టే యంత్రాలను అరువివ్వడంతో మొదలై, ఇప్పుడు వేలాది స్వచ్ఛంద సేవకులతో ఇజ్రాయెల్ అంతటా చక్రాల కుర్చీల వంటి పరికరాలను అరువిస్తోంది.