మూపురం ముందు కాడి

గుంటూరు నుంచి అమరావతి పోయే రోడ్డులో లాం దాటాక ఒక మిరప చేను. వాన వెలిసి రెండు రోజులైంది. పొద్దున్నే సాళ్ల మధ్య మట్టి గుల్ల చేసే గుంటకను ఎద్దులతో తోలుతున్నారు. ఎద్దుల మూతులకు చిక్కాలు కట్టారు. సాలు చివరికొచ్చేసరికి ఎడమవైపు దాపటెద్దు తనంతట తనే ఆగింది, కుడివైపు వెలపటెద్దు దాని చుట్టూ తిరిగి పక్క సాల్లోకి వచ్చింది. ఒక్క మొక్క విరగలేదు.

ఆ రైతుకు ట్రాక్టర్ కూడా ఉంది. వేసవి దుక్కి దాంతోనే చేస్తారు. "ఈ తడిలో దాన్ని దించితే నేల బండైపోద్దండీ" అన్నారాయన.

ఆ మాట వెనక మంచి సైన్సు ఉంది. చదరపు సెంటీమీటరు లెక్కన చూస్తే ఎద్దు గిట్ట కింద ఒత్తిడి తక్కువేమీ కాదు. కానీ ఆ ఒత్తిడి ఎంత లోతుకు దిగుతుందన్నది మొత్తం బరువు మీద ఆధారపడుతుంది. ఎద్దు అడుగు పైమట్టినే నొక్కుతుంది, దాన్ని వెనకొచ్చే గుంటక మళ్లీ గుల్ల చేస్తుంది. టన్నుల బరువున్న ట్రాక్టర్ తడి రేగడిని గుంటక అందని లోతులో అణచేస్తుంది. వేళ్లు అక్కడే ఆగిపోతాయి.

ఇక బలం సంగతి. ఎద్దు గంటల తరబడి అలసిపోకుండా లాగగలిగేది తన బరువులో సుమారు పదో వంతు. 500 కిలోల ఒంగోలు ఎద్దులు రెండు కలిస్తే 100 కిలోల లాగుడు. సెకనుకు ముప్పావు మీటరు నడిచాయనుకుంటే దాదాపు 735 వాట్లు. హార్స్‌పవర్ అంటే 746 వాట్లు, అంటే మన అరక మొత్తం ఇంచుమించు ఒక హార్స్‌పవర్! బండలాగుడు పందేల్లో అవే ఎద్దులు ఇంతకు ఎన్నో రెట్లు లాగుతాయి, కానీ కొద్ది నిమిషాలే. చేలో కావలసింది ఆ ఊపు కాదు, పొద్దంతా ఒకే తీరున నడిచే ఓపిక.

ఆ లాగుడు కాడికి అందేది మూపురం దగ్గర. మెడ మీద కాడి వెనక్కి జారి మూపురానికి ఆనుతుంది, ఎద్దు దాన్ని నెట్టుకుంటూ ముందుకు పోతుంది. గుర్రానికి మూపురం లేదు. దానికి ఇదే కాడి వేస్తే నిలవదు, గొంతుకు పట్టీ బిగిస్తే ఊపిరాడదు. అందుకే గుర్రానికి భుజాల మీద ఆనే మెత్తటి పట్టెడ వేరే కావాలి. నాడాల్లోనూ ఇదే తేడా. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది, నడిచేటప్పుడు రెండు సగాలూ విడిగా కదులుతాయి. కాబట్టి కాలికి రెండేసి, ఎద్దుకు ఎనిమిది రేకులు. మేకు మన గోరు చివరలాంటి జీవంలేని భాగంలోకే దిగాలి. కాస్త లోపలికి పోతే ఎద్దు కుంటుతుంది. ఆ మేకు ఒడుపుగా కొట్టే చేతులు తగ్గిపోతున్నాయి. నాకు బాధ అనిపించేది అక్కడే.

మన ఒంగోలు జాతి సంతతిని బ్రెజిల్‌లో నెలోర్ అంటారు. అక్కడ మాంసం కోసం పెంచుతారు, కాడి ఎరగవు. ఇక్కడ లాం పశు పరిశోధనా కేంద్రంలో ఆ జాతిని కాపాడుతున్నారు.

పదకొండు కాకముందే రైతు కాడి దించేశారు. ఎండ ఒక కారణం. రెండోది, మేసిన చొప్పను ఎద్దు తీరిగ్గా నెమరేసుకోవాలి, అప్పుడే అది సరిగా అరిగి ఒంటికి పడుతుంది. నీడకు తోలి చిక్కాలు విప్పారు. చొప్ప వేసే ముందు, వాపు గానీ వేడి గానీ ఉందేమోనని రెండు మెడలూ అరచేత్తో తడిమి చూశారు.